వేసవిలో పట్నం పిలిస్తే

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆదివాసీ సంస్కృతి – యువత పాత్ర" అన్న అంశం మీద మాట్లాడమని మమ్మల్ని అడిగారు. అంత పెద్ద అంశాన్ని మోసే శక్తి మాకు లేదు. టీచర్ ట్రైనింగ్ చేసి, ముంచింగిపుట్టు మండలంలో ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటున్న వాళ్ళం. మాకు తెలిసినవి బియ్యం లెక్క, జ్వరాల లెక్క, రాత్రి పడుకోబోయే ముందు తలల లెక్క. ఇక్కడ "మేము" అంటే వార్డెన్ ఒక్కతే కాదు. వంట చేసే అక్కలు, వాచ్‌మన్, ట్యూటర్, పై తరగతుల పిల్లలు, అందరం కలిస్తేనే మేము. కాబట్టి మా హాస్టల్లో జరిగిన ఒక చిన్న సంగతే చెబుతాం. ఏటా వేసవి మొదలవగానే పట్నం నుంచి ఫోన్ వస్తుంది. "మేడం, ఒక థింసా బ్యాచ్ కావాలి" అంటారు. వెళ్ళాలా, వద్దా? వెళ్తే ఎలా వెళ్ళాలి? ఈరోజు మా మాట అంతా దీని గురించే.

విశాఖపట్నంలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లలకు సెలవులు. ప్రతి కాలనీ పార్కులో ఏదో ఒక కార్యక్రమం. సమ్మర్ క్యాంపులో పిల్లలు వేసిన బొమ్మలు తాళ్ళకు క్లిప్పులు పెట్టి వేలాడదీస్తారు. ఒక పక్క మట్టి బొమ్మలు, ఒక పక్క చేనేత స్టాళ్ళు. చీకటి పడ్డాక కూచిపూడి, కోలాటం, పాటలు. సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా, గురజాడ కళాక్షేత్రం, మధురవాడలో శిల్పారామం లాంటి పెద్ద వేదికలు ఎలాగూ ఉన్నాయి. మేము చెప్పేది వాటి గురించి కాదు. కాలనీ వాళ్ళు చందాలు వేసుకుని చేసుకునే చిన్న వేడుకల గురించి. అవి మంచివే. పక్కింటివాళ్ళ పేరు తెలియని చోట నాలుగు కుటుంబాలు ఒకచోట కూర్చోవడం మంచి పనే. ఆ కార్యక్రమాల పట్టికలో ఆఖర్న ఒక ఐటం ఉంటుంది: గిరిజన నృత్యం.

ఇప్పుడు అదే నెలలో మన కొండల మీద ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. చైత్రం. ఇటుకల పండుగ. విత్తనాలకు పూజ చేసే కాలం. కొత్త మామిడికాయను దేవతకు పెట్టకుండా నోట పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్ళి రావడం ఆచారం. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు, బురద చల్లి ఎగతాళి చేస్తారు. ఇప్పుడు వేటకు చట్టం ఒప్పదు, అడవిలో జంతువూ లేదు. అయినా ఎగతాళి మాత్రం మిగిలింది. అది మిగలడమే మంచిది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చిన బస్సునీ జీపునీ ఆపి, ఆడి పాడి, పండుగ డబ్బులు వసూలు చేస్తారు. కలెక్టరు జీపైనా ఆగాల్సిందే.

అంటే మనకూ వేసవి ప్రదర్శన ఉంది. దానికి వేదిక లేదు, మైకు లేదు, టికెట్టు మాత్రం ఉంది!

మూడేళ్ళ కిందట మేము ఒక తప్పు చేశాం. ఒక కాలనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఫలానా శనివారం సాయంత్రం, పదిహేను నిమిషాల థింసా. బస్సు వాళ్ళే పంపుతారు, భోజనం పెడతారు. "పిల్లలకు మంచి అవకాశం మేడం" అన్నారు. ఆ మాటకు మేము పొంగిపోయాం. మా పిల్లల్లో సగం మంది సముద్రం చూడలేదు. కావలసిన అనుమతి కాగితాలు తెచ్చుకున్నాం. తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. పద్నాలుగు మంది ఆడపిల్లలను ఎంపిక చేశాం.

తేదీ చూసుకోలేదు. అది సరిగ్గా ఆ పిల్లల ఊళ్ళలో పండుగ జరిగే వారం. ఒకరిద్దరు పిల్లలు నెమ్మదిగా అన్నారు కూడా. "పండుగ వచ్చే ఏడాదీ వస్తుంది, పట్నం అవకాశం రాదు" అని మేమే సర్దిచెప్పాం.

వాద్యగాళ్ళకు బస్సులో చోటు లేదని, పాట రికార్డు పంపితే సౌండ్ బాక్సులో వేస్తామని కాలనీ వాళ్ళు అన్నారు. దానికీ ఒప్పుకున్నాం. ఎవరో ఫోనులో తీసిన వీడియో నుంచి పాట తీసి, రెండు వారాలు దానికే పిల్లలతో అడుగులు వేయించాం. మాకు ఎప్పుడూ మోరీ ఊదే తాత ఒకాయన ఉన్నారు. "మీరు రానక్కర్లేదు తాతా, పాట ఫోనులో ఉంది" అని చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. మా వంటక్క ఇచ్చిన టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

ప్రయాణం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెదబయలు, పాడేరు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. మాడుగుల చేరేలోపే ఆరుగురు పిల్లలకు వాంతులు. చోడవరం దాటాక ఉక్కపోత. చెట్ల కింద పెరిగిన పిల్లలు, ఆ ఏప్రిల్ ఎండలో నగరంలో దిగేసరికి ముఖాలు వాడిపోయాయి. అక్కడ మాకోసం మెరుపుల అద్దె చీరలు సిద్ధంగా ఉన్నాయి. "అందరికీ ఒకే రంగు, ఫోటోలో బాగుంటుంది" అన్నారు. నాలుగు గంటలకు కట్టిన చీరలతో ఎనిమిదిన్నర దాకా స్టేజీ వెనక నిలబెట్టారు. ముఖ్య అతిథి రాలేదు. ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఎవరి ఫ్లాటు తలుపు కొట్టాలో తెలియదు. పిల్లలు నీళ్ళు తాగడం మానేశారు. ఆ సంగతి మేము ఆలస్యంగా గమనించాం. ఇది ఆడపిల్లల వార్డెన్ చేయకూడని తప్పు.

చివరికి పిలిచారు. యాంకర్ అమ్మాయి "అమాయక గిరిజనుల ఆటపాటలు" అని చెప్పింది. ఏ ఊరు, ఏ తెగ, ఏ భాష, ఏమీ లేదు. స్టేజీ ఇరవై అడుగులు. థింసాలో చేతులు వీపుల వెనుక నుంచి పెనవేసుకుని, ఒక వరుసగా కదిలి, పాములా వంపు తిరిగి, గుండ్రంగా మూసుకోవాలి. ఆ స్టేజీ మీద గుండ్రం కుదరలేదు. జనానికి వీపు చూపించకూడదని ముందే చెప్పారు. థింసాలో ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఆడతాం. వాళ్ళకు ముఖాలు చూపించాలంటే వరుస తెగాలి. తెగింది. పైగా నాలుగో నిమిషంలో సౌండ్ బాక్సులో పాట ఆగి, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. పిల్లలు ఎక్కడ ఉన్నారో వాళ్ళకే తెలియలేదు. మోరీ ఊదే మనిషి పక్కన ఉంటే అడుగు తప్పినప్పుడు కనిపెట్టి, ఊపిరి ఆపి, అందుకునేదాకా నిలబెడతాడు. రికార్డుకు కళ్ళు లేవు కదా.

చప్పట్లు కొట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు చూపించిందే అది. షీల్డు ఇచ్చారు, బిర్యానీ పొట్లాలు ఇచ్చారు.

బస్సు ఎక్కుతుంటే గేటు దగ్గర సెక్యూరిటీ డ్రస్సులో ఉన్న అబ్బాయి ఒకడు దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ముందు తెలుగులో "ఎక్కడి నుంచి మేడం?" అన్నాడు. ముంచింగిపుట్టు అనగానే మన ఆదివాసీ ఒడియాలోకి మారిపోయాడు. పెదబయలు దగ్గర పల్లె. లోపల పాట వినిపించి గేటు దగ్గరే నిలబడి విన్నాడట. లోపలికి రావడానికి డ్యూటీ ఒప్పుకోలేదు. "మోరీ ఎవరూ ఊదలేదేం మేడం? తాతలు రాలేదా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

అసలు పాఠం మర్నాడు తిరుగు దారిలో జరిగింది. పెదబయలు దాటాక రోడ్డుకు అడ్డంగా వెదురుగడ. ఆడవాళ్ళు ఇరవై మంది, కొప్పుల్లో పూలు, ఒకరి నడుము ఒకరు పట్టుకుని ఆడుతున్నారు. పక్కన తుడుము, డప్పు. బస్సు ఆగింది. డ్రైవర్ ఇరవై రూపాయలు ఇచ్చాడు, చాలదన్నారు, యాభై ఇచ్చాడు. మా పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. కొందరు ఇంకా నిన్నటి గోరింటాకు, పౌడరుతోనే ఉన్నారు. ఒక పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చి, "ఎక్కడికెళ్ళి వస్తున్నారే?" అంది. మా ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది, "పట్నంలో థింసా ఆడి వస్తున్నాం" అని. ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు. "ఇక్కడ ఆట పెట్టుకుని, ఆడటానికి అంత దూరం పోయారా?" అన్నారు. వాళ్ళు వెక్కిరించలేదు, నిజంగా అర్థం కాకే అడిగారు. మన పిల్లలు మన పండుగను బస్సు అద్దంలోంచి టూరిస్టుల్లా చూశారు. అది మేము చేసిన పని.

ఆ రాత్రి హాస్టల్లో మేమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇకమీదట ఎక్కడికీ పంపవద్దని కొందరు అన్నారు. మాకూ మొదట అదే న్యాయమనిపించింది. కానీ తలుపులు మూసుకుంటే థింసా బతుకుతుందా? అరకు హోటళ్ళలో రాత్రిపూట టూరిస్టుల కోసం ఆడుతున్నారు. వాళ్ళకు అది బియ్యం, పప్పు. వాళ్ళను తప్పుపట్టే హక్కు జీతం తీసుకునే మాకు లేదు. ట్రైఫెడ్ వాళ్ళు ఆది మహోత్సవ్ పేరుతో నగరాల్లో పెట్టే ప్రదర్శనల్లో మన దేశంలోని ఎన్నో తెగల చేతిపనులు అమ్ముడవుతున్నాయి. పట్నం మనకు పరాయిది కాదు. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా మన జిల్లా కేంద్రం విశాఖపట్నమే. మన అన్నలు కట్టిన అపార్టుమెంట్లు అక్కడ ఉన్నాయి. పోకుండా ఉండటం కుదరదు. పోయే పద్ధతి మార్చుకోవాలి.

అప్పటి నుంచి మేము కొంచెం చదివాం. మీకు పనికొచ్చే మూడు సంగతులు చెబుతాం.

మొదటిది చేదు సంగతి. 1958లో బెల్జియం దేశంలోని బ్రస్సెల్స్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అప్పటికి కాంగో వాళ్ళ వలస రాజ్యం. కాంగో నుంచి మనుషులను తెచ్చి, గడ్డి ఇళ్ళు వేసి, వెదురు కంచె అవతల కూర్చోబెట్టి, చేతిపనులు చేసి చూపించమన్నారు. చూడటానికి వచ్చినవాళ్ళలో కొందరు కంచె మీంచి డబ్బులు, అరటిపండ్లు విసిరారు. ఆ అవమానం పడలేక కాంగో వాళ్ళు ప్రదర్శన ముగియకముందే వెళ్ళిపోయారు. చూపించడం వేరు, చూపించబడటం వేరు. కంచె ఎవరు కట్టారు అన్నదాన్ని బట్టి అది తేలుతుంది.

రెండోది ఒక బడి కథ. ఆస్ట్రేలియా నడిమధ్యన ఎడారిలో పాపున్యా అనే చోట, ప్రభుత్వం ఆదివాసులను తెచ్చి ఒక దగ్గర ఉంచింది. 1971లో అక్కడ జెఫ్రీ బార్డన్ అనే టీచర్ ఉండేవాడు. ఆయన ప్రోత్సాహంతో అక్కడి పెద్దలు బడి గోడ మీద తమ తేనెచీమ గాథను బొమ్మగా వేశారు. కొన్నేళ్ళకు ఆ గోడకు తెల్లరంగు కొట్టేశారు. గోడ పోయింది కానీ పెద్దలు ఆగలేదు. 1972లో తమ సొంత సంస్థ పెట్టుకున్నారు, పేరు పాపున్యా తులా. ఆ బొమ్మలు ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియాలకు చేరాయి. మాకు నచ్చింది అది కాదు. మొదట్లో వేసిన కొన్ని బొమ్మల్లో బయటివాళ్ళు చూడకూడని పవిత్ర గుర్తులు ఉన్నాయని వాళ్ళలో వాళ్ళకే గొడవ వచ్చింది. అప్పుడు బొమ్మలు మానేయలేదు. ఆ గుర్తులను తీసేసి, చుక్కలతో కప్పేసి, చూపించదగ్గవే చూపించారు. ఏది బయటికి, ఏది లోపలికి అన్నది వాళ్ళే తేల్చుకున్నారు.

మూడోది మన తెలుగునాట. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మర్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గారు గుస్సాడీ ఆటకు గురువు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మనల్ని విడిచి వెళ్ళారు. ఆయన వల్ల నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీని నగరాలు చూశాయి. అయినా గోండు గూడాల్లో దీపావళి నాటి దండారి పండుగలో గుస్సాడీ ఆగలేదు. వేళ్ళు ఊళ్ళో ఉన్నాయి, కొమ్మ పట్నం వైపు వంగింది. మనం పోయినప్పుడు వేళ్ళు కూడా పీక్కుని పోయాం.

ఇంకొక మాట. 2007 సెప్టెంబర్ 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించింది. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. దానిలో 31వ అధికరణం ఏం చెబుతుందంటే, మన ఆటపాటలు, బొమ్మలు, విత్తనాలు, తెలివి, వీటిని కాపాడుకునే హక్కు, వీటి మీద అదుపు మనదేనని. భూమికి మనకు 1/70 చట్టం ఉంది. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి రాసివ్వకూడదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎవరో ఎక్కడో పండించి అరకు కాఫీ అనకూడదు. పాటకు అలాంటి కాపలా లేదు. ఎవరైనా ఫోనులో పట్టుకుపోవచ్చు. పాటకు కాపలా పాడేవాళ్ళే.

మరుసటి ఏడాది మళ్ళీ ఫోన్ వచ్చింది, వేరే కాలనీ నుంచి. ఈసారి మేము తెల్లకాగితం మీద ఆరు షరతులు రాసి ఫోటో తీసి పంపాం. ఒకటి, మా పండుగ అయ్యాకే తేదీ. రెండు, ముగ్గురు వాద్యగాళ్ళు వస్తారు, వాళ్ళకు కూలీ, దారిఖర్చు ముందే ఇవ్వాలి. మూడు, స్టేజీ వద్దు, నేల మీద ఆడతాం, జనం చుట్టూ కూర్చోవాలి. నాలుగు, పిల్లలు సెలవుల్లో ఉంటారు కాబట్టి తల్లులు నలుగురు వెంట వస్తారు, మరుగుదొడ్డి ఉన్న గది ఒకటి కావాలి. ఐదు, మా గురించి మా పిల్లలే మైకులో చెబుతారు. ఆరు, ముఖ్య అతిథి కోసం పిల్లలను నిలబెట్టకూడదు. మొదటి నాలుగూ ఒప్పుకున్నారు. ఐదోదానికి బేరమాడి రెండు నిమిషాలే అన్నారు. ఆరోది మేమే వదులుకున్నాం, అది ఈ రాష్ట్రంలో ఎవరివల్లా అయ్యేది కాదని తెలిసిపోయింది! (నవ్వులు)

మోరీ తాత ఇంటికి వెళ్ళి అడిగాం. ముందు రానన్నారు. "ఫోను ఉంది కదా" అన్నారు. ఆ మాట మేము పడాల్సిందే. రెండోసారి వెళ్ళాం. మూడోసారి వంటక్క వెళ్ళింది. అప్పుడు ఒప్పుకున్నారు. ఆయనతోపాటు కిరిడి కొట్టే ఆయన, తుడుము కొట్టే ఆయన.

ఆట ఏది ఆడాలో ఆయనే చెప్పారు. మనకు థింసా ఒక్కటి కాదని మీలో ఎంతమందికి తెలుసు? గ్రామదేవత ఎదుట ఆడే బోడ థింసా ఉంది. ఆకులు ఏరే తీరు చూపించే పొత్తర్ తోల థింసా, పులి నుంచి తప్పించుకునే బాగ్ థింసా, భుజంతో భుజం నెట్టుకునే కుండ థింసా ఉన్నాయి. తాత అన్నారు, "దేవత ముందర ఆడేది దేవత ముందరే. అది తీసుకుపోవద్దు. ఆకుల ఆట, పులి ఆట తీసుకుపోండి. అవి అందరివీ." పాపున్యా పెద్దలు చేసిన పనే ఇది. మా తాత ఆస్ట్రేలియా పేరు విని ఉండరు.

ప్రదర్శనకు ఒక బల్ల కూడా అడిగాం. దాని మీద పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చినవి పెట్టారు. అంబలి పోసుకునే ఆనప బుర్ర, వానకు తల మీద వేసుకునే గిడుగు, వెదురు చేట, అడ్డాకు విస్తరి, చోళ్ళు, సామలు, వలిసెలు. ప్రతి వస్తువు దగ్గర ఒక చీటీ. చీటీ మీద తెలుగు పేరు, కింద ఆ పిల్ల ఇంట్లో పలికే పేరు. మా హాస్టల్లో ఆ చీటీలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది, ఎందుకంటే పిల్లలకే పేర్లు తెలియవు. ఫోన్లు చేసి అమ్మమ్మలను అడిగారు. అప్పుడు మేము వాళ్ళకు ఒక సంగతి చెప్పాం. మన సంతలో గదబల గుతోబ్ వినిపిస్తుంది, కోదుల కువి వినిపిస్తుంది, అందరం మాట్లాడే ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. కువి తెలుగులాగే ద్రావిడ భాష. ఆదివాసీ ఒడియా ఒడియాకు, హిందీకి చుట్టం. గుతోబ్ ముండా భాష, ఎక్కడో కంబోడియాలో మాట్లాడే ఖ్మేర్‌కు దూరపు బంధువు. మూడు పెద్ద భాషా కుటుంబాలు ఒక్క సంతలో బేరమాడుతున్నాయి. ఇలాంటి చోటు నుంచి వచ్చినవాళ్ళను "అమాయక గిరిజనులు" అని రెండు మాటల్లో తేల్చేస్తే మనం ఊరుకున్నాం. ఐదో షరతు అందుకే పెట్టాం.

గదబల పిల్ల ఒకతె ఉంది మా దగ్గర. వాళ్ళ నానమ్మ దగ్గర కెరంగ్ నారతో నేసిన పాత బట్ట ఉంది. ఇప్పుడు నేసేవాళ్ళు కనబడటం లేదు. బల్ల మీద పెడదామని మేము ఆశపడ్డాం. నానమ్మ ఇవ్వలేదు. అడిగి అడిగి ఊరుకున్నాం. ఆ పిల్ల మాత్రం బల్ల మీద కొంచెం చోటు ఖాళీగా ఉంచి, చీటీ రాసి పెట్టింది: "కెరంగ్ బట్ట. మా నానమ్మ ఇవ్వలేదు." చదివినవాళ్ళు ఆగి, ఎందుకివ్వలేదని అడిగారు. "అది ఆమెది" అని జవాబు చెప్పింది. మేము నేర్పిన జవాబు కాదు.

ఆ సాయంత్రం అద్దె చీరలు లేవు. తల్లులు తెచ్చిన చీరలు, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. మైకులో తొమ్మిదో తరగతి పిల్ల తన ఊరి పేరు, తెగ పేరు, భాష పేరు చెప్పి, మోరీ తాత పేరు, మిగిలిన ఇద్దరి పేర్లు చెప్పి, "ఈ ఆట అడవిలో ఆకులు ఏరేటప్పటిది" అంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత పార్కు నేల మీద గుండ్రం మూసుకుంది. జనానికి వీపులే కనిపించాయి. జనం ఏమీ అనుకోలేదు, లేచి ముఖాలు చూడటానికి చుట్టూ తిరిగారు. ఒక దగ్గర అడుగు తప్పింది. తాత ఊపిరి నిలబెట్టారు. పిల్లలు అందుకున్నారు.

గిడుగు దగ్గర ఒక ముసలావిడ చాలాసేపు నిలబడింది. చోడవరం వైపు పల్లె అట. చిన్నప్పుడు ఊడ్పులకు అది వేసుకునే వెళ్ళేదట. "మీరు కూడా ఇదే అంటారా, గిడుగు అనే?" అని మా పిల్లలను అడిగింది. తన అపార్టుమెంటులో ఆ మాట అని ఎన్నేళ్ళయిందో అంది.

కాగితం మీద లేని కోరిక ఒకటి ఫోనులో అడిగాం. ఆ సాయంత్రం కాలనీలో పనిచేసేవాళ్ళను కూడా లోపలికి రానివ్వమని. వాచ్‌మన్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, పక్కన భవనం కడుతున్న కూలీలు వచ్చారు. కూలీల్లో ఏడుగురు మన కొండల పిల్లలు. వరుస వెనక నిలబడి చూస్తూ చూస్తూ, ఇద్దరు చెప్పులు విడిచి వరుస చివర చేరారు. మొదటి ఏడాది గేటు దగ్గర కనిపించిన అబ్బాయి కోసం మేము వెతికాం. ఆ కాలనీ వేరు, ఈ కాలనీ వేరు. అతను కనిపించలేదు. ఎక్కడున్నా, ఈ మాటలు అతనికి చేరాలని కోరుకుంటున్నాం.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పం. ముఖ్య అతిథి గంటా పావు ఆలస్యం. ఎవరో పిల్లల ఫోటోలు దగ్గర నుంచి తీస్తుంటే తల్లులు అడ్డుపడ్డారు. ఇస్తామన్న డబ్బులో కొంత నెల తర్వాత వచ్చింది. కానీ తిరుగు బస్సులో పిల్లలు నిద్రపోలేదు. తాతతో మోరీ ఊదించుకుంటూ ఘాట్ ఎక్కారు. ఒక్కరికీ వాంతి కాలేదు. ఇది మా ట్రైనింగ్ పుస్తకాల్లో లేదు.

యువతకు మేము చెప్పేవి నాలుగే. పిలుపు వచ్చినప్పుడు మొదట తేదీ చూడండి. మన పండుగ రోజు అయితే వాళ్ళనే ఇక్కడికి రమ్మనండి. రోడ్డు మీద కర్ర పెట్టి ఆపుదాం. రెండు, డబ్బు గురించి మాట్లాడటానికి సిగ్గుపడకండి. "మంచి అవకాశం" అన్నది కూలీ కాదు. కాఫీ గింజకు ధర అడుగుతున్నాం, ఊపిరికి ఎందుకు అడగం? మూడు, ఆడపిల్లలు వెళ్తుంటే నీళ్ళు, మరుగుదొడ్డి, తిరిగి బయలుదేరే సమయం, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. నాలుగు, ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది మీరు ఒక్కరే తేల్చకండి. పెద్దలను అడగండి. అడగాలంటే వాళ్ళ దగ్గర కూర్చోవాలి.

చివరి మాట. మా మోరీ తాతకు ఈ ఏడాది ఆయాసం ఎక్కువైంది. పాడేరు ఆసుపత్రికి రెండుసార్లు తీసుకెళ్ళాం. పాట మధ్యలో ఆపి కూర్చుంటున్నారు. కిందటి వేసవిలో ఇద్దరు అబ్బాయిలు ఆయన దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒకడు పనికి విశాఖ వెళ్ళిపోయాడు. రెండోవాడు వస్తున్నాడు. ఇంకా బుగ్గలు నిండడం లేదు, శబ్దం చీలిపోతోంది. తాత విసుక్కుంటున్నారు, మళ్ళీ చేతికిస్తున్నారు. ఏప్రిల్ ఆఖరుకు హాస్టళ్ళు మూసేస్తారు, జూన్ రెండో వారం దాకా సెలవులు. కాలేజీల్లో ఉన్న మీకూ సెలవులే. ఆ సెలవుల్లో వారానికి ఒక సాయంత్రం తాత ఇంటి అరుగు మీద ఇద్దరు కూర్చున్నా చాలు. ఊదడం రాకపోయినా ఫరవాలేదు. ఆయనకు ఏ రాగాలు వచ్చో, ఏది ఎప్పుడు ఊదాలో అడిగి రాసుకోండి. రికార్డు చేయాలనుకుంటే ఆయన ఒప్పుకున్నాకే ఫోను తీయండి.

పట్నం నుంచి ఫోన్ మళ్ళీ వస్తుంది. అది వచ్చేసరికి మన వైపు ఊదేవాళ్ళు ఉండాలి.

 జై ఆదివాసీ!